ఇజ్‌తుజులో రాత్రి తాబేళ్లది

టర్కీ తీరంలో చూడవలసిన బీచ్‌ల గురించి మీ వ్యాసంలో చక్కగా రాశారు. కానీ ఇజ్‌తుజు బీచ్‌కు రెండే వాక్యాలు కేటాయించి, వెన్నెల్లో ఇసుక మీద గడపమనడం పెద్ద పొరపాటు. వేసవిలో రాత్రి 8 నుంచి ఉదయం 8 వరకు అక్కడ ఎవరినీ ఉండనివ్వరు. లాగర్‌హెడ్ అనే సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కేది ఆ చీకట్లోనే. గుడ్లలోంచి బయటపడిన పిల్లలు సముద్రం మీది వెలుగును బట్టి నీటి దారి పడతాయి. ఒడ్డున దీపం కనబడితే పాపం అటే పోతాయి.

మేము దగ్గర్లోని దాల్యన్ పట్టణం నుంచి పడవలో వెళ్లాం. రెల్లు పొదల మధ్య నది మలుపులు, కొండరాతిలో తొలిచిన ప్రాచీన కౌనోస్ నగరపు సమాధులు, చివర నాలుగున్నర కిలోమీటర్ల ఇసుక. ఒకచోట గుడ్లున్న గుంటపై ఇనుప తీగల బోను బోర్లించి ఉంది. మా పాప దాని పక్కన మోకాళ్లపై కూర్చుని, వాటికి నిద్రాభంగం అవుతుందని గుసగుసగానే మాట్లాడింది.

1980లలో ఇక్కడ హోటల్ కట్టబోతే జూన్ హైమాఫ్ అనే బ్రిటిష్ మహిళ, మరికొందరు పోరాడి ఆపించారు. 1988లో ఇది రక్షిత ప్రాంతమైంది. ఈ సంగతి దయచేసి వ్యాసంలో చేర్చండి. మన తీరానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్లను చూసినవారికి దీని విలువ వేరే చెప్పనక్కర్లేదు.