పాత బెంచ్ పవర్ సప్లై గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ పాత బెంచ్ పవర్ సప్లై గారి సముఖమునకు,

విన్నపము ఏమనగా, ప్రయోగాల బల్ల మీద సర్క్యూట్లకు కావలసిన డీసీ కరెంటు అందించడమే తమ ఉద్యోగం. స్విచ్ వేయగానే తమ దీపం వెలిగింది, మీటరు ముల్లు 12 వోల్టుల దగ్గర గంభీరంగా నిలిచింది. తమను అమ్మేవారికి ఆ రెండూ చాలు, "పనిచేస్తోంది" అని నిస్సంకోచంగా రాసేస్తారు. ఏ పనీ అప్పగించనంత కాలం ఎవరైనా సమర్థులే. ఒక ఆంపియరు లోడు తగిలించి వోల్టేజి ఎగుడుదిగుళ్లను తెరపై గీసి చూపే ఆసిలోస్కోపులో చూస్తే, తమరు డీసీ పేరుతో ఇస్తున్నది సెకనుకు 100 సార్లు కుంగి లేస్తోంది. 50 హెర్ట్జ్ ఏసీ కరెంటు, దాన్ని డీసీగా మార్చే బ్రిడ్జ్ రెక్టిఫయర్ దాటి వచ్చిన ఆనవాలు అది; ప్రతి ఆవృత్తిలోని రెండు సగాలూ ఒకే దిశకు మళ్లుతాయి గనుక 50 కాస్తా 100 అవుతుంది. దాన్ని సర్దవలసిన ఫిల్టర్ కెపాసిటర్ లోపల ఎప్పుడో ఎండిపోయింది. సగటు మాత్రమే చూపే ముల్లుకు ఈ గొడవేదీ పట్టదు.

వోల్టేజి నాబ్ సంగతి మర్యాదగా చెప్పడం కష్టం. లోపలి పొటెన్షియోమీటరు (నాబ్‌తో తిప్పే రెసిస్టర్) ట్రాక్ అరిగి, దానిపై జారే వైపర్ ఒక్క క్షణం పట్టు తప్పితే, కొన్ని సర్క్యూట్లలో వోల్టేజిని అదుపు చేసే రెగ్యులేటరు దాన్ని ఇంకా పెంచమనే ఆజ్ఞగా స్వీకరిస్తుంది. అప్పుడు 5 వోల్టులు అడిగిన మైక్రోకంట్రోలరు చిప్పుకు తమరు 30 వోల్టులు ధారపోస్తారు. అపాత్రదానం అంటే ఇదే కాబోలు. కరెంటును హద్దు మీరనివ్వని కరెంట్ లిమిట్ ఉందని ధైర్యపడిన ఎల్ఈడీకైతే, అవుట్‌పుట్ కెపాసిటర్ తాను దాచుకున్నదంతా ముందు కుమ్మరిస్తుంది, కాపలా ఆ తర్వాత మేలుకొంటుంది. (ఇది వయసు తెచ్చిన దోషం కాదు, కొత్తవారిలోనూ ఉన్న గుణమే.)

లోహపు పెట్టెకు ఎర్త్ లేని రెండు తీగల కార్డును, ఫ్యూజు స్థానంలో ఎవరో చుట్టిన రాగి తీగను మాత్రం తమను అడగకుండానే తొలగించాను. ప్రాణం మీదికి వచ్చే విషయంలో ప్రాచీనతకు గౌరవం ఉండదు. ఆ తర్వాతనే 60 వాట్ల ఫిలమెంటు బల్బును సిరీస్‌లో పెట్టి కరెంటు ఇచ్చాను. లోపల షార్టు ఉంటే బల్బు పూర్తిగా వెలుగుతూనే ఉంటుంది; ఒక్కసారి మెరిసి మసకబారింది గనుక షార్టు లేదని ఊపిరి పీల్చుకున్నాను.

కనబడిన ప్రతి భాగాన్నీ పీకి కొత్తది వేసి, దానికి పునరుద్ధరణ అని పేరు పెట్టే సంప్రదాయం నాకు నచ్చదు. అందుకే కెపాసిటర్లు, పొటెన్షియోమీటరు మారాయి గాని, ట్రాన్స్‌ఫార్మర్ కదలలేదు. 2ఎన్3055 అనే పవర్ ట్రాన్సిస్టర్లకు సుద్దలా ఎండిన, వేడిని హీట్‌సింక్‌కు చేరవేసే పేస్టు తుడిచి, పగిలిన అభ్రకం రేకులు మార్చి, వాటి పాత కొలువే వాటికి ఇచ్చాను.

ప్రస్తుతం తమ టెర్మినళ్లకు పరీక్ష కోసం లోడుగా 10 ఓమ్‌ల, 50 వాట్ల రెసిస్టర్ ఒకటి తగిలించి ఉంది. పూటంతా వేడెక్కినా వోల్టేజి జారకుంటే అసలు సర్క్యూట్లను తమ సన్నిధికి పంపుతాను. అంతవరకు డిజిటల్ మల్టీమీటరు తమ పక్కనే కూర్చుని, తమరు చెప్పే ప్రతి అంకెనూ సరిచూస్తుంది.

ఇట్లు,
తమ ముల్లును ఊరికే నమ్మని సేవకుడు