ఎండిన తీగకే పెద్దపీట

ద్రాక్షతీగ కష్టపడితే తప్ప మంచి వైన్ రాదన్నది ఆ పానీయపు రసజ్ఞులు ఏకగ్రీవంగా ఆమోదించిన సిద్ధాంతం. నేల సారం లేనిదై ఉండాలి, వాన ముఖం చాటెయ్యాలి, గాలి చెంపలు వాయించాలి, వేరు రాతి పగుళ్లలో నీటిచుక్క కోసం దేవులాడుకోవాలి. అప్పుడే కాయ చిన్నదై, తొక్క మందమై, రసం చిక్కనై, గ్లాసులోకి దిగాక వర్ణించడానికి చాలినన్ని విశేషణాలు పుట్టుకొస్తాయట. ఈ సిద్ధాంతాన్ని ప్రతిపాదించేవారు సాధారణంగా కడుపునిండా భోంచేశాకే ప్రతిపాదిస్తారన్నది నిజమే గాని, అంతమాత్రాన అది అబద్ధమైపోదు. నాకు దానితో పేచీ లేదు. ఇంత గొప్ప సూత్రాన్ని ఒక్క తీగకే పరిమితం చేసి, మిగతా జీవరాశికి అన్యాయం చేశారన్నదొక్కటే నా అభ్యంతరం. దాని నిగ్గు తేల్చడానికి దక్షిణ ఫ్రాన్స్‌లోని లా క్లాప్ కొండల కన్నా యోగ్యమైన స్థలం నాకు కనిపించలేదు.

ఓద్ జిల్లాలో, నార్బోన్ పట్టణానికీ మధ్యధరా సముద్రానికీ నడుమ, సుమారు 17 కిలోమీటర్ల పొడవున పరుచుకున్న సున్నపురాతి కొండలివి. ఫ్రెంచి పటాల్లో వీటికి పర్వతసముదాయమన్న గౌరవం దక్కింది. అందులో అత్యున్నత శిఖరమైన పెష్ రెదోన్ మాత్రం 214 మీటర్ల దగ్గర ఆయాసపడి ఆగిపోయింది. మన వైపు అయితే దీన్ని గుట్ట అంటారు, పొద్దున్నే ఎక్కి దిగొచ్చి టీ తాగుతారు. రోమన్లు క్రీ.పూ. 118లో నార్బోన్‌ను స్థాపించిన కాలంలో ఈ గుట్ట చుట్టూ నీళ్లుండేవి, అంటే ఇది ద్వీపం. తర్వాత ఓద్ నది శతాబ్దాల తరబడి ఒండ్రు మోసుకొచ్చి, మధ్యనున్న ఉప్పునీటి కయ్యలను పూడ్చి, దీన్ని ఒడ్డుకు కలిపేసింది. ద్వీపం హోదా పోయినందుకు కొండ ఏ కోర్టుకూ వెళ్లలేదు గనుక, సహనపరీక్షలో మొదటి మార్కులు దానికే వేసుకోవచ్చు.

ఇక రాయి సంగతి. వాన బొత్తిగా పడదని కాదు, పడుతుంది. కాని వేసవంతా మొహం చూపించకుండా ఉండి, ఏ అక్టోబరులోనో కుండపోతగా దిగి, ఆ నీరంతా సున్నపురాతి పగుళ్లలోంచి పాతాళానికి జారిపోతుంది. అలా లోలోపల కరిగి కరిగి ఒకచోట గుహ కప్పు కూలిపోవడంతో తీరానికి దగ్గర్లో ఓయ్ దూ అనే పెద్ద గుండ్రటి గొయ్యి ఏర్పడింది. చుట్టూ నిటారు రాతిగోడలు, అడుగున ఆకుపచ్చగా మెరిసే ఉప్పదనపు నీళ్లు. చూడ్డానికి జనం బారులు తీరతారు. దిగి ఈదడం మాత్రం నిషేధం. పైనున్న తీగ అంత లోతుకు వేరు పంపి, పగుళ్లలో చిక్కుకున్న తేమను పీల్చుకుని బతకాలి. వైన్ రుచి చూసేవారు ఆ గ్లాసులో తమకు రాయి తగిలిందనీ, సున్నం వినిపించిందనీ, సముద్రపు ఉప్పు పలకరించిందనీ చెబుతుంటారు. రాతిలోని ఖనిజాలు నాలుకకు తెలిసేంత మోతాదులో వైన్‌లోకి రావని భూగర్భశాస్త్రజ్ఞులు ఎన్నిసార్లు మొత్తుకున్నా లాభం లేదు. తీగ పడ్డ కష్టం తమ నాలుక మీద ఏదో ఒక రూపంలో కనబడకపోతే సిద్ధాంతానికే మచ్చ కదా.

కొండ మీద పెరిగే పొదలదీ అదే కథ. రోజ్‌మేరీ, థైమ్, ముళ్ల ఆకుల ఓక్ పొదలు, అక్కడక్కడా అలెప్పో పైన్ చెట్లు: సువాసనలు వెదజల్లే ఈ పొదలడవిని పర్యాటకులు ఆదిమ ప్రకృతి అనుకుని గుండెనిండా పీలుస్తారు. నిజానికది గొర్రెల, మేకల మందలూ గొడ్డళ్లూ నిప్పూ శతాబ్దాలపాటు అడవిని అరగదీయగా మిగిలిన అవశేషం. ఆ రోజ్‌మేరీ పూల తేనె వల్లనే ఒకప్పుడు నార్బోన్ తేనెకు దేశమంతటా పేరొచ్చింది. తేనెటీగలు ఎంత కష్టపడ్డాయో మాత్రం ఎవరూ వర్ణించలేదు. బహుశా వాటికి తోట యజమాని, పత్రికా ప్రకటన లేకపోవడం వల్ల కావచ్చు.

గాలిని గురించి మర్యాదగా మాట్లాడాలి, ఎందుకంటే ఒకప్పుడు అది దేవుడు. వాయవ్యం నుంచి ఊడ్చుకొచ్చే పొడిగాలిని ఇక్కడివారు సెర్స్ అంటారు. అది కొట్టే దెబ్బకు పైన్ చెట్లు ఒక పక్కకు ఒరిగి పెరుగుతాయి. ఇళ్లను కుదిపే ఈ గాలి మీద స్థానికులు ఫిర్యాదు చేయకపోగా, ఆకాశం శుభ్రపడటానికి కారణం అదేనని కృతజ్ఞతలు చెప్పుకునేవారనీ, అప్పట్లో గాల్ అనబడిన ఈ ఫ్రాన్స్ ప్రాంతంలో ఉన్న రోజుల్లో అగస్టస్ చక్రవర్తి ఈ గాలికి గుడి కట్టిస్తానని మొక్కుకుని నిజంగానే కట్టించాడనీ రోమన్ రచయిత సెనెకా రాశాడు. సాధించలేని శత్రువుకు గుడి కట్టడమన్నది పరిపాలనలో ఎంత పాత ఉపాయమో దీన్నిబట్టి తెలుస్తుంది. ద్రాక్షతోటలకు ఆ గాలి చేసే మేలు కూడా కాదనలేనిది: ఆకుల మీది తడిని ఆరబెట్టి బూజు తెగుళ్లను దూరం పెడుతుంది. అదే గాలి, అవే తరాల్లో, కొండ పక్కనే సముద్రతీరాన ఉన్న గ్రుయిసాన్ ఊరి పడవలకు ఏం చేసిందో చూడాలంటే కొండ దారిలో నోత్ర్ దామ్ దెజ్ ఓజిల్ ప్రార్థనాలయానికి నడిచి వెళ్లాలి. దారి పొడవునా పైన్ చెట్ల కింద, సముద్రంలో పోయి శవాలైనా దొరకని నావికుల పేర్లతో ఖాళీ సమాధులుంటాయి. వారి కష్టానికి తగిన విశేషణాన్ని రసజ్ఞుల పదకోశం ఇంకా తయారు చేసుకోలేదు.

సిద్ధాంతం నిజమైతే లా క్లాప్‌లో మొదటి బహుమతి తీగకు రానేకూడదు. సెంటౌరియా కోరింబోసా అనే చిన్న మొక్కకు రావాలి. ప్రపంచంలో ఈ కొండల మీద తప్ప ఇంకెక్కడా దొరకని మొక్క ఇది. మూడు చదరపు కిలోమీటర్లు కూడా లేని జాగాలో, ఆరు గుంపులుగా, ఇతర పొదలు పోటీకి రాలేని రాతి అంచులకు వేలాడుతూ బతుకుతుంది. కొన్నేళ్లపాటు ఆకులతో ఓపిక పట్టి, జన్మలో ఒక్కసారి పూసి, వెంటనే చచ్చిపోతుంది. ఆ ఒక్కసారికైనా తన పుప్పొడి తనకు పనికిరాదు, అదే సమయానికి దగ్గర్లో మరో మొక్క పూసి ఉండాలి. అన్నీ కలిసొచ్చి గింజ కట్టినా, అది చాలావరకు తల్లి పాదాల దగ్గరే రాలిపడుతుంది. కష్టపడటంలో దీని ముందు ఏ ద్రాక్షతీగా నిలవదు. ప్రతిఫలంగా దానికి దక్కింది చట్టపరమైన రక్షణ. తాగడానికి పనికొచ్చే మొక్క కాదు మరి.

తీగకు మాత్రం 2015లో న్యాయం జరిగింది. అంతకుముందు కోతో దు లాంగ్డాక్ అనే విశాలమైన గొడుగు కింద తలదాచుకున్న లా క్లాప్‌కు ఆ ఏడాది సొంత పేరుతో ఏఓసీ గుర్తింపు వచ్చింది. ఏఓసీ అంటే ఏ నేలలో, ఏ రకం ద్రాక్షతో, ఎంత దిగుబడి మించకుండా చేసిన వైన్‌కు ఆ ఊరి పేరు పెట్టుకోవచ్చో నిర్దేశించే రాజముద్ర. తెల్లవైన్‌కు ఆలస్యంగా పండినా పులుపు వదలని బూర్‌బూలాంక్ ద్రాక్ష ప్రధానం. ఎర్రవైన్‌కు గ్రెనాష్, సిరా, మూర్‌వెద్ర్ ముఖ్యం. అదే కొండ మీద, అదే గాలికి, అదే రాతిలో పెరిగిన ద్రాక్షతో రోజే వైన్ చేస్తే దానికి లా క్లాప్ పేరు పెట్టడానికి వీల్లేదు. గులాబి రంగులోకి మారేసరికి తీగ పడిన కష్టం ఎక్కడ ఆవిరైపోతుందో నిబంధనావళిలో వివరణ లేదు. రుచి పరీక్షించే నిపుణులను ఆగస్టు మధ్యాహ్నం, నీళ్లివ్వకుండా, సెర్స్ గాలికి ఎదురుగా బండరాతి మీద కూర్చోబెట్టాలని ఒక సవరణ కూడా చేర్చి ఉంటే సూత్రం సంపూర్ణమయ్యేది. తీగకు పనికొచ్చిన శిక్షణ నాలుకకు పనికిరాకపోతుందా?

కష్టం వల్ల నాణ్యత పెరిగేమాటే నిజమైతే ఈ ప్రాంతపు వైన్ 1907లో అమృతమై ఉండాలి. అప్పటికి ఫిలోక్సెరా అనే వేరుపురుగు ఫ్రాన్స్ తోటలను తినేసి, రైతులు అప్పులు చేసి అమెరికా వేర్లకు అంట్లు కట్టి మళ్లీ నిలబడ్డారు. నిలబడేసరికి మార్కెట్‌లో పంచదారతో, నీళ్లతో పెంచిన కల్తీ వైన్ పొంగిపొర్లుతోంది, ధర పాతాళానికి పడింది. పీపాలు నిండుగా, కంచాలు ఖాళీగా ఉన్న ఆ వసంతంలో ఆర్జెలియే గ్రామానికి చెందిన మార్సెలాన్ ఆల్బేర్ అనే కాఫీ దుకాణదారు, ద్రాక్షరైతు, మార్చి 11న 87 మందిని వెంటబెట్టుకుని నార్బోన్‌కు నడిచాడు. జూన్ 9న మోన్‌పెలియేలో ఐదు లక్షలకు పైగా జనం చేరారు. నార్బోన్ మేయర్ ఫెరూల్‌ను అరెస్టు చేశాక, జూన్ 19, 20 తేదీల్లో సైన్యం ఆ ఊళ్లో కాల్పులు జరిపి కొందరిని చంపింది. ఇంత జరిగాక ఆల్బేర్ పారిస్ వెళ్లి ప్రధాని క్లెమాన్సో ముందు నిలబడితే, ప్రధాని అతనికి తిరుగు ప్రయాణానికి వంద ఫ్రాంకుల నోటు ఇచ్చాడు, ఆ సంగతి పత్రికలకు తెలిసేలా కూడా చేశాడు. ఉద్యమ నాయకుడి పరువు రైలు టిక్కెట్టు ఖరీదుకు కొట్టుకుపోయింది. కల్తీని అరికట్టే చట్టం మాత్రం ఆ నెల 29న వచ్చింది. అంటే రైతుకు మేలు చేసింది కష్టం కాదు, కల్తీ మీద చట్టం; ఈ వివరం రసజ్ఞుల చెవిన వేయకపోవడమే మంచిది.

ఇదే సిద్ధాంతాన్ని మన సీమకు వర్తింపజేయాలని నాకు ఎప్పటినుంచో కోరిక. అనంతపురం, కడప, కర్నూలు వైపు సున్నపురాయికి కొదవలేదు, వానకు మాత్రం నిత్యం కొరతే. వేరుశనగ పడేంత కష్టం బూర్‌బూలాంక్ కలలో కూడా పడి ఉండదు. ఆ లెక్కన అనంతపురం పల్లీని స్ఫటికపు గిన్నెలో పోసి, కళ్లు మూసుకుని నమిలి, ‘ముందు ఎర్రమట్టి, వెనక అప్పుల చేదు, చివర్లో బోరుబావి ఎండిన జాడ’ అని వర్ణించేవాళ్లు ఈపాటికి ప్రపంచమంతా ఉండాలి. ఎందుకో లేరు. మన దగ్గర సున్నపురాయిని రుచి చూసే ఆచారం లేదు. సిమెంటు చేసి, బండలు కోసి, ఇళ్లు కట్టుకుంటాం.

కష్టానికి ఇంత విలువ ఇచ్చిన దేశంలో ప్రస్తుతం ఏం జరుగుతోందన్నది ఆసక్తికరం. పూర్వం డొమీషియన్ అనే రోమన్ చక్రవర్తి, తిండిగింజలు తగ్గి వైన్ ఎక్కువైందని, పరాయి రాష్ట్రాల్లోని ద్రాక్షతోటల్లో కనీసం సగం నరికెయ్యమని ఆజ్ఞ జారీ చేశాడు. జారీ చేశాక దాన్ని పట్టించుకోలేదు. ఆధునిక ప్రభుత్వం అంత నిర్లక్ష్యంగా ఉండదు. జనం ఎర్రవైన్ తాగడం తగ్గించేశారని, 2023లో మిగులు వైన్‌ను ఉత్త ఆల్కహాల్‌గా మార్చడానికి 20 కోట్ల యూరోలు కేటాయించారు. 2024లో తోటను శాశ్వతంగా పీకేసుకునే రైతుకు హెక్టారుకు 4,000 యూరోలు ఇస్తామన్నారు. సారం లేని నేలలో, చాలని వానలో, రాతి పగుళ్లలో దశాబ్దాలు వేరు దించిన తీగ కష్టానికి చిట్టచివరికి ఖరారైన ధర అది.

పీకిన చోట ఏం మొలుస్తుందంటే పొదలు మొలుస్తాయి. 2025 ఆగస్టులో, లా క్లాప్‌కు పడమటి దిక్కున అదే జిల్లాలోని కోర్బియేర్ కొండల్లో నిప్పు రేగి 16,000 హెక్టార్ల మేర వ్యాపించాక, పచ్చని ద్రాక్షతోట మంటకు అడ్డుకట్టలా పనిచేస్తుందని, తోటలు పోయిన చోట అడ్డూఅదుపూ లేదని రైతులే కాదు, ప్రభుత్వ పెద్దలు కూడా బహిరంగంగా ఒప్పుకున్నారు. తీగను పీకినందుకు డబ్బిచ్చే ప్రభుత్వమే, పొదలడవికి దగ్గరలో ఇల్లున్నవారు ఇంటి చుట్టూ 50 మీటర్ల మేర ఆ పొదలను సొంత ఖర్చుతో కొట్టించుకోవాలని కూడా చట్టం చేసింది. కొట్టించుకోనివారికి జరిమానా ఉంది.