గొలుసు ఉంది, కుక్క లేదు

మనిషన్నాక ఒక వంశచిహ్నం ఉండాలి. డాలు, దాని పక్కన ఓ క్రూరమృగం, కింద ఎవరికీ అర్థం కాని లాటిన్‌లో ఓ ముక్క. ఇంగ్లీషువాళ్లు దీన్ని కోట్ ఆఫ్ ఆర్మ్స్ అంటారు. ఒకప్పుడు యోధులు కవచం మీద తొడుక్కునే పైవస్త్రం మీద ఈ బొమ్మ వేసుకునేవారు. ముఖం ఇనపటోపీలో దాగిపోతే ఎవడు ఎవడో తెలియాలి కదా. మనకా ఇబ్బంది లేదు, హెల్మెట్టే పెట్టుకోం.

లండన్‌లో ఈ పనికి 1484 నుంచి ఓ ఆఫీసే ఉంది, కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్. పేరు చూసి పిల్లాడి సీటు కోసం వెళ్లకండి, అక్కడ పాఠాలు చెప్పరు. అర్జీ పెట్టుకుని వేల పౌండ్లు కడితే మీ తాతముత్తాతలకు లేని హోదా రాసిస్తారు. 2011లో ప్రిన్స్ విలియంతో పెళ్లికి ముందు కేట్ మిడిల్టన్ తండ్రి అలాగే ఒకటి తీసుకున్నారు. మూడు ఓక్ కాయల రెమ్మలు ముగ్గురు పిల్లలకు గుర్తు. మధ్యలో బంగారు పట్టీ ఎందుకంటే తల్లి పుట్టింటి పేరు గోల్డ్‌స్మిత్. ఆ ఇంటికి డబ్బు తెచ్చింది మాత్రం పార్టీ సామాన్ల వ్యాపారం. డాలు మీద బుడగ ఒక్కటీ లేదు. అన్నం పెట్టినదాన్ని అలా మర్చిపోవచ్చునా?

ఈ విషయంలో మన నిజాములు నయం. వాళ్ల జెండా మధ్యలోని గుండ్రటిది కుల్చా రొట్టె అని హైదరాబాదులో చెప్పుకుంటారు. మొదటి నిజాం ఓ సూఫీ గురువు దగ్గర ఏడు కుల్చాలు తిన్నాడట, ఏడు తరాలు ఏలతావని ఆయన దీవించాడట. ఏడో నిజాంతో 1948లో రాజ్యం అయిపోయింది. మధ్యలో ఏలిన ముగ్గురిని లెక్కలో వేయలేదనుకోండి, దీవెన కుదరాలిగా. ఇదంతా విని మా ఆవిడ, "ఇంకో రెండు తినలేకపోయాడా?" అంది.

బ్రిటన్ రాజచిహ్నానికి ఒకవైపు సింహం, మరోవైపు ఒంటికొమ్ము గుర్రం కాపలా. ఇంగ్లండు అడవిలో సింహం తిరగదు. ఒంటికొమ్ము గుర్రమైతే భూమ్మీదే లేదు. అయినా దాన్ని గొలుసుతో కట్టేశారు, వదిలితే ప్రమాదమని!

అప్పుడు గుర్తొచ్చింది మా గేటు. రేకు బోర్డు, నోరు తెరిచిన ఆల్సేషన్, కింద "కుక్క ఉన్నది జాగ్రత్త". గేటు పెట్టించిన రోజే నాన్నగారు బిగించారు. మా ఇంట్లో కుక్క ఏనాడూ లేదు. పోర్టికో స్తంభానికి గొలుసు మాత్రం వేలాడుతూ ఉంటుంది. ఇక ప్రతీకల సంగతి. అంచున ఎర్రటి తుప్పు ఎన్నో వానాకాలాలకు గుర్తు. లేని ఎడమ చెవి వీధి పిల్లల క్రికెట్టుకు గుర్తు. చివరి అక్షరం చెరిగిపోయి "కుక్క ఉన్నది జాగ్ర" అని మిగిలింది కాబట్టి లాటిన్ లోటు కూడా తీరింది.

మొన్న కొరియర్ కుర్రాడు గేటు బయటే ఆగి, "సార్, కుక్కని కట్టేశారా?" అని కేకేశాడు.

"కట్టేశాం బాబూ, లోపలికి రా" అన్నాను.