రాయల్ ఫ్లష్ మోజు ఇక చాలు

కొత్తవాళ్లకు పోకర్ నేర్పేవాళ్లు దాదాపు అందరూ రాయల్ ఫ్లష్‌తోనే మొదలుపెడతారు. ఒకే గుర్తులో పది, జాకీ, రాణి, రాజు, ఆసు. దీన్ని కొట్టే హ్యాండ్ (ఐదు ముక్కల కూర్పు) లేదు, ఆరున్నర లక్షల్లో ఒక్కసారి వస్తుంది అంటారు. విన్నవాడు ఆ క్షణం నుంచి ఆట వదిలేసి ఆ ఐదు ముక్కల వెంట పడతాడు. నా కోపమంతా దీనిమీదే.

అసలు ఆ లెక్కే వాళ్లు ఆడే ఆటది కాదు. 52 ముక్కల పేకలోంచి ఐదేసి తీస్తే 25,98,960 రకాల హ్యాండ్స్ వస్తాయి. వాటిలో రాయల్ ఫ్లష్‌లు నాలుగే కాబట్టి 6,49,740లో ఒకటి. కానీ ఇప్పుడు ఎక్కువమంది ఆడేది టెక్సస్ హోల్డెమ్. అందులో చేతిలో రెండు, బోర్డు మీద (అందరికీ ఉమ్మడిగా బల్లమీద పరిచేవి) ఐదు, మొత్తం ఏడు ముక్కల్లోంచి ఐదు ఎంచుకుంటాం. అక్కడ లెక్క 30,940లో ఒకటి. అదీ ఒక్కసారి కూడా ఫోల్డ్ చేయకుండా, అంటే ముక్కలు పడేసి తప్పుకోకుండా, చివరి ముక్క దాకా కూర్చుంటేనే. అలా ఎవరూ ఆడరు, ఆడకూడదు కూడా.

"ఇన్ని వేల హ్యాండ్స్ ఆడాను, ఇక రావాలి కదా" అనేవాళ్లూ ఉన్నారు. రావాల్సిన పనేమీ లేదు. ప్రతిసారీ కలిపిన పేకకు పాత ఆట గుర్తుండదు. 30,940 హ్యాండ్స్ చివరిదాకా ఆడినా ఒక్కటీ రాకుండా పోయే అవకాశం దాదాపు 37 శాతం.

ఇంకో సంగతి నాకు చాలా ఇష్టం, కానీ ఎవరూ చెప్పరు. కళావర్ రెండు, డైమన్ ఏడు, ఆఠీన్ తొమ్మిది, ఇస్పేట్ జాకీ, కళావర్ నాలుగు. సరిగ్గా ఈ ఐదే రావడం 25,98,960లో ఒకటి. అంటే ఏదో ఒక రాయల్ ఫ్లష్ రావడం కన్నా నాలుగు రెట్లు అరుదు! అయినా దానికి విలువ లేదు, ఎందుకంటే అలాంటి పనికిరాని హ్యాండ్స్ పదమూడు లక్షలకు పైగా ఉన్నాయి.

సరే, వచ్చిందే అనుకుందాం. బోర్డు మీద ఒకే గుర్తున్న పెద్ద ముక్కలు మూడు కనబడగానే ఎదుటివాళ్లు జాగ్రత్తపడతారు, చాలాసార్లు పందెం వేయగానే ఫోల్డ్ చేస్తారు. అంత బలమైన హ్యాండ్‌తో చిన్న పాట్ (పోగైన పందెం సొమ్ము) చేతికొస్తుంది. పైగా ఆసు మీ చేతిలోనే ఉంటే, బోర్డు మీద జత (ఒకే విలువున్న రెండు ముక్కలు) పడనప్పుడు మామూలు ఫ్లష్‌తోనే (ఒకే గుర్తున్న ఐదు ముక్కలతోనే) దాదాపు ఎప్పుడూ గెలిచేవారు. ఇక చివరి ముక్క ఒక్కటే మిగిలి, రాయల్‌కి కావలసింది ఆ ఒక్క ముక్కే అయితే అవకాశం 46లో ఒకటి. కేవలం దానికోసం పెద్ద పందేనికి కాల్ చేయడం, అంటే అంతే డబ్బు పెట్టి ఆటలో నిలవడం, డబ్బు తగలేయడమే.

ఇస్పేట్ రాయల్ గొప్పదా, ఆఠీన్ రాయల్ గొప్పదా అని గొడవపడేవాళ్లకు కూడా చెప్పాలి. మామూలు పోకర్ నియమాల్లో గుర్తులన్నీ సమానమే. హోల్డెమ్‌లో అయితే ఆ ప్రశ్నే పుట్టదు. ఒక్కో రాయల్‌కీ బోర్డు మీంచి కనీసం మూడు ముక్కలు కావాలి, బోర్డు మీద ఉండేవి ఐదే, కాబట్టి రెండు గుర్తుల రాయల్స్ ఒకేసారి రావు.

కొత్తవాళ్లకు చెప్పాల్సిన లెక్కలు వేరే ఉన్నాయి. ఐదు ముక్కలు పంచితే సగంసార్లు జత కూడా పడదు, 42 శాతంసార్లు ఒక్క జతే పడుతుంది. ఆ ఒక్క జతతో ఎప్పుడు నిలబడాలో, ఎప్పుడు వదిలేయాలో మొదటిరోజే నేర్పండి. రాయల్ ఫ్లష్ సంగతి ఆఖర్న చెప్పినా నష్టం లేదు.