రంగు వేయించలేదు, వేయించను కూడా

నా 1972 షెవ్రొలే సీ10 పికప్ అమ్మకానికి పెట్టినప్పటి నుంచి అందరిదీ ఒకటే ప్రశ్న: "పెయింట్ ఎందుకు వేయించలేదు?" ఇక్కడ డల్లాస్‌లో మనవాళ్లది ఇంకో రకం. "ఆ డబ్బుకి మంచి సెకండ్ హ్యాండ్ టొయోటా టకోమా పికప్ వస్తుంది కదన్నా?" వస్తుంది తమ్ముడూ, వెళ్లి కొనుక్కో, నేనేమన్నా ఆపానా?

ఈ బండ్ల గురించి తెలిసినవాడు ముందు పెయింట్ చూడడు. వంగి డోర్ల కింది రాకర్ ప్యానెళ్లు, క్యాబ్ వెనక మూలలు చూస్తాడు. తుప్పు తినేది అక్కడే. తిన్న రేకు కోసి కొత్తది వెల్డింగ్ చేయించాలి. అది మానేసి పుట్టీ మెత్తి, పైన నిగనిగలాడే రంగు కొట్టి అమ్మేవాళ్లు బోలెడుమంది. ఫొటోలో బండి పెళ్లికొడుకే. పుట్టీ ఇనుము కాదు కాబట్టి, అయస్కాంతం పెడితే మాత్రం జారి కింద పడుతుంది. నా బండికి ఏ మూలైనా పెట్టి చూడండి, టక్కున అతుక్కుంటుంది. ఎండకి వెలిసిన పాత రంగుని అందుకే ముట్టుకోలేదు.

డబ్బంతా ఫొటోల్లో పడని చోట పెట్టాను. బ్రేక్ లైన్లు, హోసులు, వెనక వీల్ సిలిండర్లు అన్నీ కొత్తవి. ముందు డిస్క్ బ్రేకులు 1971 నుంచి కంపెనీయే ఇచ్చింది కాబట్టి ఆ ఖర్చు తప్పింది. పెట్రోల్ ట్యాంకు సీటు వెనకే, క్యాబ్ లోపలే ఉంటుంది. 1973 మోడల్లో గానీ దాన్ని బయటికి మార్చలేదు. మనిషి వీపు వెనక పెట్రోల్ పెట్టుకుని పాత పైపులతో అమ్మడానికి నాకు మనసొప్పలేదు, అవీ మార్చాను.

చేయించనివీ ప్రకటనలో రాశాను. స్టీరింగ్‌లో కాస్త ప్లే (వదులు) ఉంది. ఏసీ లేదు (టెక్సాస్‌లో ఇది చిన్న లోటేం కాదు). వెనక సామాను వేసే తొట్టి ఎనిమిది అడుగుల లాంగ్ బెడ్. షార్ట్ బెడ్‌కే గిరాకీ ఎక్కువని తెలుసు కాబట్టి ఆ మేరకు ముందే తగ్గించి ధర చెప్పాను. అయినా "లాంగ్ బెడ్ కదా, సగానికిస్తావా?" అంటారు!

ఒకాయనైతే వీఐఎన్‌లో (బండి గుర్తింపు నంబర్‌లో) 17 అక్షరాలు లేవు, దొంగ బండా అన్నాడు. అయ్యా, ఆ 17 లెక్క 1981 మోడళ్లతో వచ్చింది. దీనికి 13 ఉంటాయి. మూడో అక్షరం "ఈ" అయితే కంపెనీ నుంచే వీ8 ఇంజన్‌తో వచ్చిందని అర్థం. టైటిల్‌తో (బండి యాజమాన్య పత్రంతో) సరిచూసుకోండి, కాగితాలు నా దగ్గరున్నాయి.

నిన్న ఒక పెద్దాయన ఫోన్ చేసి, "నేనొచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చేయకు, చల్లగా ఉన్నప్పుడు ఎలా అందుకుంటుందో చూడాలి" అన్నాడు. బేరమంటూ ఆడితే అలాంటివాళ్లతోనే ఆడతాను. బండి చూడకుండా "ఫైనల్ ఎంత?" అనేవాళ్లకి జవాబివ్వను.