అప్పు చేసైనా ఓడలు కట్టాల్సిందే

యూరోపా యూనివర్సాలిస్ 4 అనే కంప్యూటర్ వ్యూహ క్రీడలో, చివరి దశలో ఉన్న తూర్పు రోమన్ సామ్రాజ్యం బైజాంటియంతో ఆట మొదలుపెట్టే ప్రతివాళ్లకూ అందే సలహా ఒకటే. ఖర్చు తగ్గించుకో, ఎవరో ఒక పెద్ద రాజ్యంతో పొత్తు పెట్టుకో, ఒట్టోమన్లు వేరే యుద్ధంలో ఇరుక్కునేదాకా తలవంచుకుని కూర్చో. వినడానికి పెద్దమనిషి మాటలాగే ఉంటుంది. కానీ ఈ రాజ్యానికి పొదుపంత ప్రాణాంతకం మరొకటి లేదు. ఆట ఇంకా పాజ్‌లో ఉండగానే బ్యాంకులు ఇచ్చినన్ని లోన్లూ తీసేసుకోవాలి. అందులో పెద్ద వాటా గ్యాలీలకు (తెడ్లతో నడిచే యుద్ధనౌకలు), మిగిలింది కిరాయి సైన్యానికి. ఇదే సరైన ఆరంభం. మిగతావన్నీ చావును వాయిదా వేసే పద్ధతులు.

మ్యాప్ సంగతి ఆడేవాళ్లకు తెలిసిందే. కాన్‌స్టాంటినోపుల్, కింద దక్షిణ గ్రీసులో మోరియా, సామంతుడిగా ఏథెన్స్. నగరానికి అవతల ఎడిర్నేలో ఒట్టోమన్ సుల్తాన్ రాజధాని. ఏడాది గడిచేకొద్దీ మన ఖజానాలో నాలుగు రాళ్లు పోగవుతాయి, నిజమే. ఆ ఏడాదిలో అవతలివాడు చిన్న టర్కిష్ రాజ్యమైన ఒక బేయ్‌లిక్‌ను మింగి, ఇంకో పది రెజిమెంట్లు లేపుతాడు. తేడా పెరుగుతుందే కానీ తగ్గదు. కాలం ఎవరి పక్షాన ఉందో వాళ్లే పొదుపు చేయాలి.

లోన్ లెక్క చూడండి. గడువు ఐదేళ్లు, మామూలు వడ్డీ ఏడాదికి నాలుగు శాతం. యుద్ధం గెలిస్తే థ్రేస్, మాసిడోనియా పన్నులు వడ్డీ కడతాయి. ఓడితే రాజ్యమే ఉండదు, వసూలుకు వచ్చేవాడికి తట్టడానికి తలుపు ఉండదు. దివాలా తీస్తే ఐదేళ్లు నరకం అని భయపెడతారు కొందరు. దివాలా తీయాలన్నా ముందు బతికుండాలి కదా! నష్టాన్ని అప్పిచ్చినవాడి నెత్తిన వేసి లాభాన్ని మన దగ్గర ఉంచుకునే అవకాశం ఈ ఆటలో ఇంత బాహాటంగా మరే రాజ్యానికీ దొరకదు. ఫ్రాన్స్‌తో ఆడేవాడికి అప్పు బరువు. బైజాంటియంకు అదొక్కటే ఆయుధం.

ఓడలే ఎందుకంటే, ఒట్టోమన్ సైన్యాన్ని నేల మీద ఎదురుగా నిలబడి ఓడించడం మొదటి పదేళ్లలో అయ్యే పని కాదు. దాన్ని రెండు ముక్కలు చేయవచ్చు. గ్యాలీలు చవక, పైగా మధ్యధరా లాంటి లోపలి సముద్రాల్లో వాటికి పోరాట బలం రెట్టింపు. సుల్తాన్ దండు కరామాన్ మీదికో, జాందార్ మీదికో అనటోలియా లోపలికి వెళ్లిన నెల చూసి యుద్ధం ప్రకటించాలి. నౌకాదళం ఆసియాను, యూరప్‌ను విడదీసే జలసంధిలో నిలబడాలి, పదాతిదళం నేరుగా యూరప్ ఒడ్డునున్న గల్లిపోలి మీద పడాలి. నీటి మీద ఓడలు, ఒడ్డున గల్లిపోలి, రెండూ మన చేతిలో ఉంటేనే దారి మూసుకుపోతుంది. ఆ తర్వాత యూరప్ వైపున్న కోటలు ఒక్కొక్కటిగా లొంగుతుంటే అవతలి ఒడ్డున వాళ్ల మహాసైన్యం నీళ్లకేసి చూస్తూ నిలబడుతుంది. కిరాయి దళాలకు వాటి మనుషులు వాటికే ఉంటారు, మన మ్యాన్‌పవర్ ముట్టుకోనక్కర్లేదు. అప్పు ఎంత ఉపయోగమో అప్పుడు అర్థమవుతుంది.

పొత్తుల పక్షం వాళ్ల వాదనలోనూ కొంత బలముంది. హంగరీయో పోలాండో అండగా ఉంటే ఏఐ సుల్తాన్ మన మీదికి రావడానికి జంకుతాడు, ఆ విరామంలో రాజ్యం కాస్త నిలదొక్కుకుంటుంది. కుదిరితే మంచిదే. కుదిరేదాకా పదేపదే రీస్టార్ట్ కొట్టేవాళ్లను చూస్తే మాత్రం అది వ్యూహమా, లాటరీయా అని అనుమానం వస్తుంది. పిలిస్తే రావడమన్నది మిత్రుడి అప్పుల మీద, అతని వేరే యుద్ధాల మీద ఆధారపడింది. వచ్చినా, జలసంధి తెరిచి ఉంటే ఆ మిత్రుడి సైన్యం కూడా బాల్కన్ కొండల్లో కరిగిపోతుంది.

ఇది ఆటలోని కిటుకు మాత్రమే అనుకుంటే పొరపాటు. ఆట మొదలయ్యే తేదీ 1444 నవంబర్ 11. క్రైస్తవ రాజ్యాల సేనను ఒట్టోమన్లు ఓడించిన వార్నా యుద్ధం జరిగిన మర్నాడు. ఆ యుద్ధంలో పోలాండ్, హంగరీల కుర్ర రాజు వ్లాడిస్లావ్ సుల్తాన్ మీదికి గుర్రం దూకించి చచ్చిపోయాడు గనక ఓడిపోయారని అందరూ చెప్పుకుంటారు. నన్నడిగితే ఆ యుద్ధం అంతకు కొన్ని వారాల ముందే, కాన్‌స్టాంటినోపుల్ పక్కనున్న బాస్ఫరస్ జలసంధి దగ్గర ఓడిపోయారు. ఒట్టోమన్ సుల్తాన్ మురాద్ అప్పుడు ఆసియా వైపు, అనటోలియాలో ఉన్నాడు. అతన్ని దాటనివ్వకుండా ఆపాల్సిన క్రైస్తవ నౌకాదళం ఆపలేకపోయింది. అతను దాటాడు, వార్నా చేరాడు, గెలిచాడు. అదే ఏడాది మోరియా పాలకుడు కాన్‌స్టంటైన్ మధ్య గ్రీసులోకి చొచ్చుకుపోయి ఏథెన్స్ చేత కప్పం కట్టించాడు. ఆటలో ఏథెన్స్ మనకు సామంతుడిగా కనబడటం వెనకున్న కథ అదే. మంచి ఎత్తే వేశాడు, సముద్రమే అతని చేతిలో లేదు. 1446లో మురాద్ ఫిరంగులతో వచ్చి మోరియాకు కాపలాగా ఉన్న హెక్సమిలియన్ గోడను కూల్చేశాడు.

సముద్రం చేజారింది మాత్రం చాలా ముందు, అదీ పొదుపు పేరుతోనే. 1285లో బైజాంటియం చక్రవర్తి ఆండ్రోనికస్ 2 ఖజానా ఖాళీ అయిందని దాదాపు 80 ఓడల నౌకాదళాన్ని రద్దు చేశాడు. సముద్రం సంగతి మిత్రులు, ఇటలీ వర్తక నగరమైన జెనోవావాళ్లు చూసుకుంటారని నమ్మాడు. ఆ రోజు ఖాతా పుస్తకంలో మిగులు కనబడే ఉంటుంది. పద్నాలుగో శతాబ్దం మధ్యకు వచ్చేసరికి బంగారు కొమ్ము అనే ఇరుకు అఖాతానికి ఇవతల కాన్‌స్టాంటినోపుల్‌కు వచ్చే సుంకం ఏడాదికి ఆనాటి నాణెంలో 30,000 హైపర్‌పైరాలైతే, అవతల గలాటాలో జెనోవావాళ్లు గుంజేది 200,000 అని సమకాలిక చరిత్రకారుడు గ్రెగోరస్ రాశాడు. ఆ తర్వాత చక్రవర్తి జాన్ కాంటకుజినోస్ చందాలు పోగుచేసి కొత్త ఓడలు కట్టించాడు, 1349లో జెనోవా చేతిలో అవీ పోయాయి. ఓడలు ఏడాదిలో కట్టవచ్చు. అరవై ఏళ్ల క్రితం ఇంటికి పంపేసిన నావికులను ఏ డబ్బుతో తెస్తాం?

అప్పు చేయడం తెలియకనా అంటే అదీ కాదు. 1343లో బాల చక్రవర్తి తరఫున పాలించిన రాణి అన్నా కిరీటపు నగలను వెనిస్‌లో 30,000 డకట్లకు కుదువ పెట్టింది. అదంతా అంతర్యుద్ధంలో, అంటే సొంతవాళ్ల మీద ఖర్చయిపోయింది. నేను సమర్థిస్తున్న అప్పు వేరు, శత్రువు దారి మూసేది. ఇక ఒట్టోమన్లు నగరాన్ని ముట్టడించిన 1453లో చర్చి వెండి సామాన్లు కరిగించి సైనికులకు నాణేలు పోశారు, ఊళ్లో ధనికులు మాత్రం డబ్బు దాచుకున్నారని ముట్టడిని కళ్లారా చూసిన మతాధికారి లెనార్డ్ ఆఫ్ కియోస్ నిష్ఠూరమాడాడు. ఫిరంగులు పోసే ఒర్బాన్ మొదట చక్రవర్తి దగ్గరికే వచ్చాడు. అడిగిన జీతం ఇవ్వలేకపోతే సుల్తాన్ దగ్గరికి వెళ్లాడు. జలసంధి విలువ మాత్రం మురాద్ కొడుకు, అప్పటి సుల్తాన్ మెహ్మద్ ఎవరికన్నా బాగా గ్రహించాడు. 1452లో బాస్ఫరస్ ఇరుకు దగ్గర, ముత్తాత బయెజిద్ కట్టిన కోటకు ఎదురుగా రూమేలీ హిసారి అనే కోట లేపి ఫిరంగులు పెట్టాడు. ముట్టడికి కొన్ని నెలల ముందే నగరానికి నల్ల సముద్రం వైపు దారి మూసేశాడు.

అందుకే 2025లో వచ్చిన ఈ ఆట ఐదో భాగం నాకు ఇంకా ఆసక్తిగా ఉంది. అది 1337లో మొదలవుతుంది. అప్పటికి ఒట్టోమన్లకు అనటోలియా నగరాలు బుర్సా, నైసియా చిక్కాయి, యూరప్ గడ్డ మీద మాత్రం జానెడు నేల లేదు. గల్లిపోలి పోవడానికి ఇంకా 17 ఏళ్లు. జలసంధి అవతలే శత్రువు ఆగిపోయి ఉన్నాడు, ఇవతల అంతర్యుద్ధం కాచుకుని కూర్చుంది. అక్కడ కూడా ముందు ఖర్చు తగ్గించుకోమనే గైడ్లు రాసేవాళ్లు ఉంటారు. వాళ్లు నౌకాదళం ఖర్చు కోసేముందు 1285 నాటి లెక్క ఒకసారి తిరగేస్తే బాగుంటుంది.