అవార్డులు సరే, తెలుగులో పుస్తకమేది?

ఇంగ్లీష్ చెస్ ఫెడరేషన్ ఏటా ఇచ్చే ఉత్తమ పుస్తకం అవార్డు గురించి మీ వ్యాసంలో బాగా రాశారు, కానీ మన విశ్వనాథన్ ఆనంద్ ఊసే లేదేంటండీ? తన ఆటల మీద ఆయన రాసిన పుస్తకానికి 1998లో వచ్చింది ఇదే అవార్డు, అప్పట్లో బ్రిటిష్ చెస్ ఫెడరేషన్ పేరుతో ఇచ్చేవాళ్లు. మాది విజయవాడ. మా మేనల్లుడి కోసం లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపులో ఎండ్‌గేమ్ (చెస్ ఆట చివరి దశ) పుస్తకం ఒకటి బేరమాడి 80 రూపాయలకి కొన్నాను, అట్ట ఊడిపోయినా మురిసిపోయాను, తీరా ఇంటికొచ్చి తెరిస్తే ఎత్తులన్నీ పి-కె4 (రాజు ముందున్న బంటు నాలుగో గడికి) లాంటి పాత రాతలు! వాడికి అదే ఎత్తుని ఈ4 అని రాసే కొత్త పద్ధతి తప్ప తెలియదు, 1981 నుంచి అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే గుర్తించేది ఆ పద్ధతినే మరి. ఇక నేనే పెన్సిల్‌తో ఎత్తు ఎత్తూ మార్చి రాయడం మొదలుపెట్టాను. పాత పద్ధతిలో నల్లపావుల గడుల లెక్క వాటి వైపు నుంచి మొదలవుతుంది కాబట్టి నాలుగు పేజీలకే తల తిరిగింది. గ్రాండ్‌మాస్టర్లు గుంటూరు హరికృష్ణ, గుడివాడలో పుట్టిన హంపి మనవాళ్లే, అయినా బంటు, గుర్రం, శకటు అంటూ తెలుగులో విడమరిచి చెప్పే పుస్తకం ఇవ్వమంటే షాపతను బ్యాంకు పరీక్షల గైడ్లు చూపించాడు.